డేటాబేసులలో కృషి, పశువైద్య వ్యాసముల అన్వేషణము: పర్యాయపదముల ప్రయోజనము

వృక్షాయుర్వేదమును గాని, కృషిపరాశరమును గాని, పాలకాప్యుని హస్త్యాయుర్వేదమును గాని పరిశోధనాంశముగా గ్రహించు విద్యార్థులు మన ప్రాచ్యకళాశాలలలో అప్పుడప్పుడు కనబడుచునే యున్నారు. వారి సిద్ధాంతగ్రంథములలో చివరి అధ్యాయము తరచుగా 'ఆధునిక శాస్త్రముతో సమన్వయము' అను పేరుతో నుండును. ఆ అధ్యాయమే అన్నిటికంటె బలహీనముగా నుండుట పరీక్షకులకు తెలిసిన విషయమే. మూలమును శ్రద్ధగా చదివి, పాఠభేదములను చక్కగా విచారించిన విద్యార్థి కూడ అక్కడికి వచ్చునప్పటికి 'ఈ విషయమును ఆధునికులు పరిశీలింపలేదు' అని ఒక వాక్యము వ్రాసి ముగించును. లేదా ఒక వార్తాపత్రిక ఆదివారపు అనుబంధమునుండి ఒక పేరా ఎత్తి చూపును.

ఈ తప్పు విద్యార్థులదే యని నేను చెప్పజాలను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విశ్వవిద్యాలయమువారు నా పరిశీలనకు పంపిన సిద్ధాంతగ్రంథము సురపాలుని వృక్షాయుర్వేదముపై వ్రాయబడినది. అందు కుణపజలమును గూర్చి, 'ఏ వ్యవసాయశాస్త్రజ్ఞుడును దీనిని పరీక్షింపలేదు' అని యుండెను. నేను దానిని ప్రశ్నింపకపోగా, 'ఆధునికుల ఉపేక్షను అభ్యర్థిని చక్కగా ఎత్తిచూపినది' అని నా నివేదికలో మెచ్చుకొంటిని. సదస్సులలో నేను ఎన్నో ఏండ్లుగా చెప్పుచుండిన మాటయే అది.

తరువాత కొలది మాసములకు వ్యవసాయ కళాశాల గ్రంథాలయములో పనిచేయు నా పూర్వశిష్యుని చూడబోయితిని. మాటల సందర్భమున ఈ ప్రసక్తి వచ్చినది. అతడు నన్ను కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి, "గురువుగారూ, మీరే కొట్టి చూడండి" అనెను. నేను మన ముద్రణలలో వాడు పద్ధతిని అనుసరించి, ణకారమునకు క్రింద చుక్క పెట్టి, ఆ పదమును రోమను లిపిలో వ్రాసితిని. ఫలితము శూన్యము. నా మాట నిలిచినదని లోలోపల సంతోషించితిని గూడ. అతడు చుక్కను తీసివేసి, పదము చివరి అక్షరములను తొలగించి, ఆ స్థానమున నక్షత్రపు గుర్తు నుంచి మరల నొక్కెను. టమాట మొదలైన పంటలకు కుణపజలమును పోసి, చల్లి, ఫలితములను కొలిచి చూచిన వ్యాసములు తెరపై వరుసగా వచ్చినవి. వానిలో కొన్ని నేను ఆ మాట సదస్సులలో చెప్పుట మొదలిడిన నాటికే అచ్చయి యున్నవి.

అంతకంటె సిగ్గు కలిగించిన విషయము మరియొకటి. సికింద్రాబాదులో 1994లో స్థాపింపబడిన ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థ ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయపు వ్రాతప్రతి ఆధారముగా సురపాలుని గ్రంథమును నళినీ సాధలె గారి ఆంగ్లానువాదముతో 1996లో ప్రకటించెను. 1999లో కృషిపరాశరమును ప్రకటించెను. 1997 నుండి తన పేరుతోనే ఒక పత్రికను నడిపెను. దాని స్థాపకుడగు వై. ఎల్. నేనె గారు (2018లో దివంగతులైరి) స్వయముగా వృక్షరోగ శాస్త్రజ్ఞులు. మన ప్రాంతమున అచ్చయిన దానిని గూడ నేను చూడక, ఎవరును చూడలేదంటిని. ఈ వ్యాసమునకు కారణము అది.

డేటాబేసు అనగా నేమో మన శాస్త్రమునుండియే చెప్పవచ్చును. కాత్యాయనుని పేర ప్రసిద్ధమగు ఋగ్వేద సర్వానుక్రమణి ప్రతి సూక్తమునకు ప్రతీకను, ఋక్కుల సంఖ్యను, ఋషిని, దేవతను, ఛందస్సును చెప్పును. సూక్తమును మాత్రము ఇయ్యదు. కృషి, పశువైద్య డేటాబేసులలో ప్రధానమైనవి అట్టి అనుక్రమణులే. ప్రతి వ్యాసమునకు శీర్షిక, రచయిత, పత్రిక, సంవత్సరము, విషయసూచక పదములు, ఒక సంగ్రహము అందు నుండును. వ్యాసము వేరొకచోట నుండును. ఈ భేదము తెలియనివారు సంగ్రహమునే వ్యాసమని భ్రమించి ఉదాహరింతురు; అనుక్రమణిని చూచి సూక్తార్థము చెప్పినట్లు.

వీనిలో పెద్దది క్యాబ్ ఆబ్‌స్ట్రాక్ట్స్. 1910లో కీటకశాస్త్ర సంఘముగా మొదలై, కామన్‌వెల్తు వ్యవసాయ బ్యూరోలుగా పెరిగి, నేడు క్యాబి అను పేర పిలువబడు సంస్థ దీనిని నడుపుచున్నది. 1973 నుండి వచ్చిన వ్యాసముల సూచి ఇందు కలదు. అంతకుముందు అచ్చు సంపుటములుగా వచ్చిన సంగ్రహములు, 1910 మొదలుకొని, ఆర్కైవు అను వేరు భాగముగా చేర్చబడినవి. పాతకాలపు పశువైద్య వ్యాసములను వెదకువారు ఈ ఆర్కైవును విడువరాదు. దీనికి చందా కట్టవలెను గనుక వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయముల గ్రంథాలయములకు పోయి అడుగవలసి యుండును. రెండవది ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారి అగ్రిస్. 1974లో ఏర్పడిన ఇది అందరికి ఉచితము. ఆయా దేశముల కేంద్రములు తమ తమ ప్రచురణల వివరములను పంపగా కూర్చబడునది గనుక చిన్న పత్రికలు గూడ ఇందు దొరకును. పశువైద్యమునకు, ఓషధీద్రవ్యముల పరీక్షలకు అమెరికా జాతీయ వైద్యగ్రంథాలయమువారి పబ్‌మెడ్ 1997 నుండి ఉచితముగా అందుబాటులో నున్నది. మన దేశపు వ్యవసాయ విశ్వవిద్యాలయముల సిద్ధాంతగ్రంథములకు కృషికోశ్, తక్కిన విశ్వవిద్యాలయముల సిద్ధాంతగ్రంథములకు శోధ్‌గంగ కలవు. వృక్షాయుర్వేదముపై సంస్కృతశాఖలలో వ్రాసిన గ్రంథములు శోధ్‌గంగలోను, కుణపజలముపై వ్యవసాయ కళాశాలలలో జరిగిన పని కృషికోశ్‌లోను ఉండుటచే, ఒకరి పని ఒకరికి కనబడక పోవుచున్నది. రెండింటను వెదకుట తప్పనిసరి.

ఇక అసలు విషయము పేర్లు. యంత్రము అర్థమును వెదకునని తలచుట మొదటి పొరపాటు. అది ప్రధానముగా అక్షరములను వెదకును. మన పదములు రోమను లిపిలోనికి పోవునప్పుడు ఎన్ని రూపములు పొందునో చూడుడు. వృక్షాయుర్వేదమునందలి ఋకారమును కొందరు 'ఆర్' అను ఒక్క అక్షరముతో, ఉత్తరాదివారు 'ఆర్-ఐ' అని, మన తెలుగువారు 'ఆర్-యు' అని వ్రాయుదురు. షకారము కొందరికి 'ఎస్', కొందరికి 'ఎస్-హెచ్'. హిందీ ఉచ్చారణ ననుసరించువారు చివరి అకారమును విడుతురు. కొందరు వృక్ష, ఆయుర్వేద అని సంధి విడదీసి రెండు పదములుగా వ్రాయుదురు. ఇవన్నియు కలిసి పదికి మించిన రూపములగును. అక్షరము క్రింది చుక్కలను, పైగీతలను కొన్ని డేటాబేసులు తామే విస్మరించును, కొన్ని విస్మరింపవు. కావున అవి లేని రూపముతోనే ఆరంభించుట మేలు.

సంస్కృతనామములతో వెదకినంత మాత్రమున చాలదు. ఓషధులపై పరిశోధన వృక్షశాస్త్ర నామములతో నడచును. అమరకోశము చదివిన ప్రతి విద్యార్థికి 'అమృతా' శబ్దము గుడూచికి, హరీతకికి, ఆమలకికి మూడింటికిని పర్యాయముగా వచ్చునని తెలియును. మన గ్రంథమునందలి అమృత ఏదో ప్రకరణమును బట్టి నిర్ణయించిన పిమ్మట, తిప్పతీగ యైనచో టైనోస్పోరా కార్డిఫోలియా అనియు, కరక్కాయ యైనచో టెర్మినాలియా కెబ్యులా అనియు, ఉసిరిక యైనచో ఫిల్లాంథస్ ఎంబ్లికా అనియు వెదకవలెను. ఆ నిర్ణయము యంత్రము చేయదు, గ్రంథాలయాధికారియు చేయడు, మనమే చేయవలెను.

వృక్షశాస్త్ర నామములును స్థిరములు కావు. ఉసిరికను చాలకాలము ఎంబ్లికా అఫిసినాలిస్ అని వ్రాసిరి. మన దేశపు వ్యాసములలో ఆ పేరు నేటికిని కనబడును. గుగ్గులువునకు నేడు కామిఫోరా వైటియై అని వ్యవహారము. పాత వ్యాసములలో కామిఫోరా ముకుల్, ఇంకను పాతవానిలో బాల్సమోడెండ్రాన్ ముకుల్. సురపాలుడు వృక్షచికిత్సలో తరచుగా చెప్పు విడంగము ఎంబేలియా రైబ్స్. దాని పేరు మారలేదు గాని, అది చేరియున్న మిర్సినేసీ అను కుటుంబము నేడు ప్రిములేసీలో కలిసిపోయినది. కుటుంబనామముతో వెదకువారికి పాత వ్యాసములు ఒకచోట, క్రొత్తవి ఒకచోట నుండును. అన్నిటికంటె జాగ్రత్త వలసినది వేప విషయమున. వేపకు నేటి పేరు అజాడిరాక్టా ఇండికా. లిన్నేయసు 1753లో పెట్టిన పేరు మీలియా అజాడిరాక్టా. మన నిఘంటువులలో మహానింబమనబడు వేరు వృక్షము మీలియా అజెడరాక్. రెండు పేర్లకు భేదము అతిస్వల్పము. నింబమునకు మహానింబపు ఫలితములను అంటగట్టిన వ్యాసమును నేను మన సదస్సులలోనే వింటిని.

పంటల పేర్లలోను ఇట్లే. కందిని మన దేశపు ఆంగ్లములో రెడ్‌గ్రామ్ అందురు; తక్కిన ప్రపంచము పిజియన్ పీ అనును. 1972 నుండి పటాన్‌చెరువులో నున్న ఇక్రిశాట్ సంస్థవారు దానిని విడదీయక ఒకే పదముగా వ్రాయుదురు. మూడింటిని గాక కజానస్ కజాన్ అను శాస్త్రనామమును గూడ చేర్చిననే వెదకుట పూర్తియగును. వంకాయకు బ్రింజాల్, ఎగ్‌ప్లాంట్, ఆబర్జీన్ అని మూడు. వేరుసెనగకు గ్రౌండ్‌నట్, పీనట్ అని రెండు. వరికి రైస్ అని మాత్రము వెదకినచో, ప్యాడీ అని శీర్షిక పెట్టిన మన దేశపు వ్యాసములు కొన్ని తప్పిపోవును.

ఈ కష్టము తీర్చుటకే డేటాబేసులవారు నియతపదకోశములు కూర్చిరి. వ్యాసకర్త ఏ పేరు వాడినను, సూచీకర్త దానికి ఒక నియతపదమును తగిలించును. ఆ పదముతో వెదకినచో నానారూపముల వ్యాసములు ఒకచోటికి వచ్చును. అగ్రిస్‌కు ఆధారమగు అగ్రోవాక్ అను కోశము 1980ల ఆరంభమున మొదలై, నేడు 40 వేలకు పైగా భావనలతో అనేక భాషలలో నున్నది; అందు తెలుగు పదములు గూడ కొంతవరకు చేర్చబడినవి. ప్రతి పదమునకు పైన వ్యాపకపదము, క్రింద వ్యాప్యపదములు, ప్రక్కన సంబంధపదములు చూపబడును. పరాపర సామాన్యములను తర్కసంగ్రహములో చదివినవారికి ఇది ఒక గంటలో పట్టుబడును. పబ్‌మెడ్‌కు మెష్, క్యాబ్‌కు క్యాబ్ థిసారస్ అట్టివే. అయితే కుణపజలము వంటి పదము నియతకోశములో లేనప్పుడు సూచీకర్త దానిని సేంద్రియ ఎరువులు, ద్రవ ఎరువులు వంటి విశాలపదముల క్రిందికి చేర్చును. అప్పుడు నియతపదమును, మన పదపు నానారూపములను రెండింటిని ప్రయోగింపవలెను. దేశనామములలోను ఒక సూక్ష్మము: 2014కు పూర్వము వరంగల్లు, కరీంనగరు ప్రాంతములపై వచ్చిన వ్యాసములు ఆంధ్రప్రదేశ్ అను పేరు క్రిందనే ఉండును. తెలంగాణ అని మాత్రమే వెదకిన విద్యార్థికి అవి దొరకవు.

పశువైద్యమున పేర్ల చిక్కు ఇంకను ఎక్కువ. మన రైతులు గొంతువాపు, గురకవ్యాధి అను రోగమునకు ఆంగ్లనామము హెమరేజిక్ సెప్టిసీమియా. బ్రిటిషు వర్ణక్రమములో ఈ రెండు పదములలోను 'ఏ' అను అక్షరము అదనముగా వచ్చును, అమెరికావారి వ్రాతలో రాదు. ఆ భేదము పదమధ్యమున నుండుటచే చివర నక్షత్రపు గుర్తు పెట్టినను లాభము లేదు. రెండు రూపములను వ్రాయవలెను, లేదా రోగకారకమగు పాశ్చురెల్లా మల్టోసిడా పేరు చేర్చవలెను. జబ్బవాపును మన పశువైద్యులు బ్లాక్ క్వార్టర్ అందురు. ఇతర దేశములలో బ్లాక్‌లెగ్. గాలికుంటువ్యాధి పేరులో వింత చిక్కు కలదు. ఫుట్ ఆండ్ మౌత్ డిసీజ్ అను పేరునడుమ నున్న 'ఆండ్' శబ్దమును కొన్ని డేటాబేసులు సంయోజకముగా గ్రహించి, పాదము, నోరు, రోగము అను మూడు మాటలు ఎక్కడెక్కడనో ఉన్న వ్యాసములనెల్ల తెచ్చి పోయును. పేరంతటిని ఉద్ధరణ చిహ్నముల నడుమ నుంచినచో సమాసమువలె ఏకపదమై నిలుచును. గేదెకై బఫెలో అని వెదకినవారికి అమెరికా అడవిదున్న వచ్చును. న్యూయార్క్ రాష్ట్రమునందలి బఫెలో నగరపు వైద్యశాలల వ్యాసములును వచ్చును. బుబాలస్ బుబాలిస్ అని వెదకినచో మన గేదె దొరకును. పాలకాప్యునిపై పనిచేయువారు గజముల మదమునకు ఆంగ్ల నిఘంటువు చూచి 'రట్' అని వెదకినచో లేళ్లు, దుప్పులు వచ్చును. ఏనుగుల విషయమున శాస్త్రజ్ఞులు వాడు మాట మస్త్, పారసీకమునుండి వచ్చినది. ఆ మాటతో ఎలిఫాస్ మాక్సిమస్ అను పేరును చేర్చి వెదకవలెను.

సంయోజకములు మూడు: ఆండ్, ఆర్, నాట్. చకారము, వాకారము, నకారము అని నేను మా విద్యార్థులకు చెప్పుదును. అయితే లోకవ్యవహారములోని చకారము వస్తువులను పెంచును, ఇక్కడి ఆండ్ తగ్గించును. రెండు మాటలును ఉన్న వ్యాసములే నిలుచును. పర్యాయములను ఆర్‌తో కలిపి కుండలీకరణములో నుంచి, భిన్నవిషయములను ఆండ్‌తో జతపరుపవలెను. కుండలీకరణము మరచినచో అన్వయము చెడును. నాట్ విషయమున మాత్రము నాకు భయము. గోవులపై వ్యాసములు కావలెనని, గేదె వలదని నిషేధించినచో, రెండింటిని పోల్చిన ఉత్తమ వ్యాసములు గూడ తొలగును. నక్షత్రపు గుర్తు ప్రకృతిని నిలిపి ప్రత్యయములను విడుచుట వంటిది. ప్రకృతి మరీ చిన్నదైనచో అనర్థము. గోవు కొరకు 'కౌ' అను మూడక్షరముల ఆంగ్లపదము ప్రక్కన నక్షత్రము పెట్టిన విద్యార్థికి, కౌపీ అని పిలువబడు అలసందల వ్యాసములు కుప్పతెప్పలుగా వచ్చినవి.

పేరు దొరికిన పిదప వ్యాసము సంపాదింపవలెను. భారత వ్యవసాయ పరిశోధనా మండలివారి వ్యవసాయ, పశుశాస్త్ర పత్రికలు వారి ప్రచురణల వేదికలో ఉచితముగా చదువవచ్చును. 2002 నుండి వచ్చుచున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ ట్రెడిషనల్ నాలెడ్జ్ గూడ ఉచితమే. మన విద్యార్థులు మొదట చూడదగినది అది. 2025 జనవరి 1న అమలులోనికి వచ్చిన 'ఒకే దేశము - ఒకే చందా' పథకము క్రింద 30 మంది ప్రకాశకుల సుమారు 13 వేల పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోనికి వచ్చినవి. మీ కళాశాల అందు చేరియున్నదా యని ప్రిన్సిపాలుగారిని నేడే అడుగుడు. చేరియుండియు ఎవరును వాడని చోట్లు కలవని వింటిని. చేరనిచో సమీప విశ్వవిద్యాలయ గ్రంథాలయమును ఆశ్రయింపవలెను. వ్యాసకర్తకే మర్యాదగా జాబు వ్రాసినను ప్రతి పంపువారు చాలమంది కలరు.

దొరికిన వ్యాసములో మొదట చదువవలసినది ఫలితములు కావు. 'సామగ్రి, విధానము' అను భాగము. సురపాలుని కుణపజలము వరాహాది జంతువుల మాంసము, మజ్జ, రక్తము మొదలగు వానితో సిద్ధమగునది. పేరులోనే కుణపము కలదు. నేటి ప్రయోక్తలలో కొందరు మాంసమునకు బదులు ఆకులను వేసి, దానికి ఓషధీ కుణపజలమని పేరిడిరి. కొందరు చేపలను వాడిరి. పైరు బాగుగా పెరిగినదని తేలినను, పెరిగినది ఎవరి యోగముచేత? ఆకుల ద్రవము గుణము చూపినచో అది ఆకుల ద్రవమునకు ప్రమాణము. సురపాలుని వచనమునకు నేరుగా ప్రమాణము కాదు. 'సురపాలుడు నిరూపితుడైనాడు' అని శీర్షిక చూచి వ్రాయుట, 'ఎవరును పరీక్షింపలేదు' అని చూడక వ్రాయుట కంటె మెరుగు కాదు. ఈ భాగమున వ్యవసాయశాస్త్రజ్ఞులు చేయలేని పని మనకు కలదు. వారు ఏ అనువాదమునుండి ద్రవ్యములను గ్రహించిరి, ఆ అనువాదము మూలమునకు ఎంతవరకు అనుగుణము, వారు విడంగమని వాడినది విడంగమేనా అని పరిశీలింపవలసినవారము మనమే. రుసుము పుచ్చుకొని ఏ పరిశీలనయు లేక అచ్చువేయు పత్రికలు నేడు చాల కలవు. అట్టివానిలో సంస్కృతవాక్యము వర్ణదోషములతో, గ్రంథనామము లేక కనబడినచో, తక్కిన భాగమును గూడ అనుమానముతో చదువవలెను.

వెదకినది గుర్తుంచుకొనుటకు ఒక నోటుపుస్తకము ఉంచుకొనుడు. ఏ తేదీన, ఏ డేటాబేసులో, ఏ పదరూపములతో, ఏ సంవత్సరముల మధ్య వెదకితిమో వ్రాసికొనవలెను. ఏమియు దొరకనప్పుడు ఈ వివరము మరింత అవసరము. 'పరిశోధన లేదు' అను వాక్యమునకు బదులు, ఇన్ని రూపములతో ఇన్ని చోట్ల వెదకగా కనబడలేదని వ్రాయవచ్చును. అనుపలబ్ధి ప్రమాణమగుటకు యోగ్యత కావలెనని మీమాంసకులు చెప్పినదే: ఉన్నచో కనబడదగిన చోట, కనబడదగిన రీతిని చూచియుండవలెను.

నా నివేదికను తిరిగి వ్రాయు అవకాశము లేకపోయెను. పట్టము అప్పటికే ఇయ్యబడినది. ఆ అభ్యర్థినికి మాత్రము జాబు వ్రాసి, నేను మెచ్చుకొనిన వాక్యము తప్పని, ఆ తప్పులో నా భాగము ఎక్కువ యని తెలిపితిని. ఆమె తన గ్రంథమును ముద్రించుటకు ముందు మూడు నెలలు వెదకి ఆ అధ్యాయమును మరల వ్రాసినది. వాడిన పదరూపముల పట్టికను అనుబంధముగా చేర్చి నాకు పంపినది. అందు నాకును, నా శిష్యునకును తోచని రూపమొకటి కలదు: కుణపమును 'యు'కారముతో గాక 'డబుల్ ఓ'తో వ్రాయుట. ఆ రూపముతో ఆమెకు ఒక వ్యాసము దొరికినది.